పోర్టు మూసి ఉంది

అక్కచెల్లెళ్ళు పొలం దగ్గర తగువులాడుకుంటారు, నగల దగ్గర తగువులాడుకుంటారు. మా అక్క ఎదెల్మీరా మాత్రం ఏకంగా ఇంటినే ఎత్తుకుపోయింది. మాటవరసకు అనడం లేదు. అమ్మ పోయిన ఏడాది నేను పంటి నొప్పితో కాస్త్రో పట్నం వెళ్ళి, వాన పట్టుకోవడంతో అక్కడే ఆగిపోయాను. ఇంతలో ఈవిడ ఊరందర్నీ సాయం పిలిచింది. ఇంటి కింద దుంగలు వేయించి, ఎడ్లు కట్టించి, అమ్మ ఇంటిని పునాది రాళ్ళ మీంచి లేపించింది. పోటు వేళకు నీళ్ళలోకి దింపించి, లాంచీకి కట్టి లాగించి, దీవి ఉత్తరపు ఒడ్డుకు చేర్చేసింది.

మా దీవుల్లో ఇల్లు కదలడం వింత కాదు. చెక్క ఇళ్ళు, పిలిస్తే వచ్చే మనుషులు, చుట్టూ సముద్రం. కదలక ఏం చేస్తాయి? కానీ ఇద్దరి ఇంటిని ఒక్కరే కదిలించుకోవడం నేనెక్కడా వినలేదు. నేను తిరిగొచ్చేసరికి దురదగొండి మొక్కల మధ్య పునాది రాళ్ళు మిగిలాయి, వాటి మీద పక్కింటి మేక నిలబడి ఉంది. ఆ రోజు నుంచీ మాకు మాటల్లేవు. ఉత్తరపు ఒడ్డుకు ఆవిడ, దక్షిణపు ఒడ్డుకు నేను.

నేను మా తావుకెన్ దీవి లాంచీ సంఘానికి కార్యదర్శిని. జెట్టీ పక్కన రేకుల గది, ఒక కంప్యూటరు, కట్టెల పొయ్యి, మాతే ఆకుల కషాయం తాగడానికి ఒక సొరకాయ బుర్ర. ఇదే ఆఫీసు. సంఘానికి ఇంటర్నెట్‌లో ఒక పేజీ ఉంది. లాంచీ ఎక్కాలనుకున్నవాళ్ళు అందులో పేరు రాసుకుంటే, మర్నాడు లాంచీ ఎన్నింటికో ముందురోజు సాయంత్రం అదే ఈమెయిలు పంపుతుంది. మా దగ్గర లాంచీకి ఒక వేళంటూ లేదు. మామూలుగా తొమ్మిదింటికి అనుకుంటాం, సముద్రం ఒప్పుకున్నప్పుడు బయల్దేరతాం.

ఆ పేజీ కట్టినతను దూరాన ఎక్కడో ఉద్యోగం దొరికి వెళ్ళిపోతూ, దాన్ని వేరే కంపెనీ యంత్రంలోకి మార్చి పోయాడు. అంతే, ఈమెయిళ్ళు ఆగిపోయాయి. దక్షిణపు ఒడ్డు వాళ్ళకు దానివల్ల పోయిందేమీ లేదు, కిటికీలోంచి కేకేస్తే వినపడతారు. ఉత్తరపు ఒడ్డుకు ఫోను సిగ్నలు అందదు. చర్చి దగ్గర, బడి కోసం పెట్టిన ఇంటర్నెట్టు ఒక్కటే వాళ్ళకు దిక్కు.

గురువారం కాస్త్రో ఆసుపత్రిలో మా అక్కకు కంటి ఆపరేషను. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. మనిషి నీడ తెలుస్తుంది గాని మనిషి తెలియదు. ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే వచ్చిన పిలుపు అది. ఆ రోజు కనబడకపోతే పేరు మళ్ళీ వరస చివరికి పోతుంది. ఇవన్నీ నాకు రొట్టెల కొట్టులో తెలిశాయి, మా ఇద్దరి సంగతులూ మాకు రొట్టెల కొట్టులోనే తెలుస్తాయి. ఇక గురువారం పోటు లెక్క ప్రకారం లాంచీ తెల్లవారుజామున అయిదింటికే వెళ్ళిపోవాలి. తొమ్మిదింటికి వచ్చిందా, జెట్టీ ఖాళీగా ఉంటుంది.

కబురు పెట్టకూడదా అంటారు. పెట్టాను. వెళ్ళిన మహాతల్లి గుమ్మంలోనే "నోల్ఫా చెప్పమంది" అని మొదలుపెట్టిందట. తలుపు మొహం మీదే పడింది. సంఘం ఈమెయిలైతే అక్క వింటుంది. ఆవిడ ఫోను ఉత్తరాలను పైకి చదివి వినిపిస్తుంది. అది పంపే చెయ్యి నాదేనని తెలిసినా తెలియనట్టే ఉంటుంది. కాబట్టి బుధవారం సాయంత్రంలోగా ఈమెయిళ్ళు వెళ్ళి తీరాలి.

మంగళవారం పొద్దున్నే కూర్చున్నాను. పేజీ వెనక భాగంలో "బయటికి వెళ్ళే ఉత్తరాల ఏర్పాట్లు" అని ఒక తెర ఉంది. దాని నిండా గళ్ళు. బడిలో పాఠాలు చెప్పినదాన్ని, గళ్ళు నింపడం నాకో లెక్కా అనుకున్నాను. నవ్వకుండా వినండి.

మొదటి గడిలో "బయటికి పంపే సర్వర్" అని ఉంది. మా స్పానిష్ భాషలో ఆ మాటకు సేవ చేసేవాడని అర్థం. ఎవరైనా "ఎవరక్కడ?" అంటే "మీ సేవకురాలినే" అని పలకడం మా అమ్మ నేర్పిన మర్యాద, అంటే "నేనే" అని. ఉత్తరాలు బయటికి పంపేది ఎవరు? నేనే. అందుకని "నోల్ఫా బర్రియా" అని రాశాను. కింద పంపేవారి పేరు అడిగితే అక్కడా అదే రాశాను. ఒక మనిషికి రెండు పేర్లుండవు కదా. తర్వాతి గడిలో "పోర్టు" అని ఉంది. పోర్టంటే మాకు రేవే. "తావుకెన్" అని రాశాను. పరీక్ష ఉత్తరం ఎవరికి పంపాలని అడిగితే, అందాల్సింది ఎవరికో తెలిసిందే కాబట్టి, అక్క చిరునామా ఇచ్చి మీట నొక్కాను.

తెర ఎర్రబడింది. పోర్టు గడి దగ్గర "అంకెలు మాత్రమే" అంది. మాకున్నది ఒకటే పోర్టు కాబట్టి "1" అని రాశాను. ఈసారి తెర చాలాసేపు ఆలోచించి మళ్ళీ ఎర్రబడింది. ఆడలేక మద్దెల ఓడు అంటారని భయం వేసింది గాని, ఆ మద్దెల నిజంగానే ఓడేమోనని అనుమానం కూడా వచ్చింది. ఆ కంపెనీ నంబరుకు ఫోను చేశాను. రాజధాని సాన్తియాగో నుంచి యెసేనియా అనే అమ్మాయి మాట్లాడింది. చాలా మర్యాదస్తురాలు. ఆ మర్యాద కోసమే ఇంతా చెప్తున్నాను.

"మేడం, పోర్టు ఏమిచ్చారు?"

"ముందు తావుకెన్ అని ఇచ్చానమ్మా. వద్దంటే ఒకటి అని ఇచ్చా."

"ఒకటా? ఒకటెందుకిచ్చారు మేడం?"

"మాకున్నది ఒకటే. నంబర్లేసుకునేంత సంపద లేదు."

అవతల మీటలు టకటకలాడాయి.

"సరే మేడం. మీ వైపు పోర్టు తెరిచుందా?"

నేను తల తిప్పి చూశాను. "శుభ్రంగా తెరిచుంది. వాన తేని దక్షిణపు గాలి. అల కూడా లేదు."

"ఎక్కడ చూస్తున్నారు మేడం?"

"విండోలోంచి."

"ఏ విండో?"

"రేవు వైపుది."

"అందులో ఏం కనబడుతోంది?"

"అబెలార్దో లాంచీకి రంగేస్తున్నాడు. పక్కన వాడి కుక్క పడుకుంది."

యెసేనియా నీళ్ళు తాగిన చప్పుడు వినపడింది. "మేడం, నా వైపు నుంచి చూస్తే మీ పోర్టు మూసి ఉన్నట్టు చూపిస్తోంది."

నాకు ఒళ్ళు మండింది. "సాన్తియాగోలో కూర్చుని మా పోర్టు మూసుందో తెరిచుందో నువ్వు చెప్తావా? దానికి మాకు సముద్రపు మేయరున్నాడు!"

"ఎవరున్నారు?"

ఆ పదవి మాకు కొత్త కాదు. నావికాదళం తరఫున ప్రతి చిన్న రేవుకీ ఒకరుంటారు. గాలి చెడితే పోర్టు మూసేదీ, బాగుపడితే తెరిచేదీ ఆయనే. మా ఎలియొదోరో బాబాయి అప్పుడే మాతే కోసం గదిలోకి వచ్చాడు. ఫోను లాక్కున్నాడు.

"తావుకెన్ సముద్రపు మేయరు ఎలియొదోరో కార్కమో మాట్లాడుతున్నా. పోర్టు మూయమని నాకు రేడియోలో ఆర్డరేం రాలేదు. నీకెవరిచ్చారు ఆర్డరు?"

అవతల ఏదో చెప్పింది. బాబాయి ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి నాతో అన్నాడు. "ఫైర్‌వాల్ మూశాడంట. ఎవడే ఆడు?"

"నాకేం తెలుసు బాబాయ్?"

"మన దీవుల్లో ఆ ఇంటిపేరు లేదే." మళ్ళీ ఫోనులోకి అరిచాడు. "అమ్మాయ్, ఆ ఫైర్‌వాల్‌ని నా ముందుకొచ్చి మూయమను. నలభై ఏళ్ళ నించి చూస్తన్నా ఈ పోర్టుని!"

అప్పుడు నవ్వింది ఆ అమ్మాయి. పాపం ఎంతసేపు ఆపుకుందో ఏమో, ఒక్కసారి నవ్వి, వెంటనే క్షమాపణ చెప్పింది. నేను ఫోను తీసుకున్నాను.

"మేడం, ఈ పోర్టు రేవు కాదు. కంప్యూటరుకి తలుపుల్లాంటివి ఉంటాయి. ఉత్తరాలకో తలుపు, పేజీలకో తలుపు. ఒక్కో తలుపుకీ ఒక నంబరు."

"తలుపైతే తలుపనొచ్చుగా తల్లీ? పోర్టనడం ఎందుకు?"

"ఆ పేరు నేను పెట్టలేదు మేడం."

"మరి సర్వరు?"

"అది కూడా కంప్యూటరే. అక్కడేం రాశారు?"

నేను చెప్పలేదు. చెప్పకుండానే చెరిపేశాను. ఆమె చెప్పిన పొడుగాటి పేరు అక్షరం అక్షరం కొట్టాను. పోర్టు దగ్గర 587 అని వేశాను. రహస్య పదం పెద్దక్షరాలతో, చిన్నక్షరాలతో, మధ్యలో ఒక చుక్కతో ఇచ్చింది. ఆ చుక్క వాక్యం చివర చుక్కో, రహస్యంలో చుక్కో తెలుసుకునేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంకా ఎర్రబడుతూనే ఉంది. తమ వైపు ఆ ఫైర్‌వాల్‌తో మాట్లాడాలని, రేపు ఫోను చేస్తానని యెసేనియా చెప్పింది. బాబాయి వెళ్తూ వెళ్తూ, ఎందుకైనా మంచిదని, ఒకసారి రేవు చివరి దాకా వెళ్ళి చూసి వచ్చాడు.

ఆ రాత్రి పోటు లెక్క తీసి మళ్ళీ చూసుకున్నాను. నాకెందుకింత ఆరాటమో నాకే బోధపడలేదు. ఇల్లెత్తుకుపోయిన మనిషికి కళ్ళొస్తే నాకేం, రాకపోతే నాకేం? అనుకున్నాను. అనుకుంటూనే పొద్దున్నే వెళ్ళి మళ్ళీ ఆ తెర ముందు కూర్చున్నాను.

బుధవారం మధ్యాహ్నం యెసేనియా ఫోను చేసింది. "ఇప్పుడు నొక్కండి మేడం." నొక్కాను. తెర పచ్చబడింది. "ఉత్తరం వెళ్ళింది" అంది. లేచి నిలబడి చప్పట్లు కొట్టాను, ఒక్కదాన్నే. ఇంకో రెండు గంటల్లో గురువారపు లాంచీ కబురు దానంతటదే అందరికీ పోతుంది. అక్కకు కూడా పోతుంది. పొయ్యిలో ఇంకో కట్టె పడేసి, గిన్నె పెట్టి, రాణీలా కూర్చున్నాను.

గంట దాటాక, బుర్రలో మూడోసారి నీళ్ళు పోస్తుంటే, తలుపు తోసుకుని ఎలియొదోరో బాబాయి వచ్చాడు. ఉత్తరపు ఒడ్డు నుంచి గుర్రం మీద వచ్చినట్టున్నాడు, మొహమంతా చెమట.

"పోర్టెందుకు మూశావే?"

"నేనా?"

"నువ్వే. ఉత్తరపు ఒడ్డంతా అదే మాట. పట్టపగలు, మబ్బు తునక లేదు, అందరూ పడవలు ఒడ్డుకి లాగేసుకున్నారు. నన్ను చూసి 'ఏం బాబాయ్, నీ ఉద్యోగం నోల్ఫాకిచ్చారంటగా' అని పళ్ళికిలిస్తన్నారు."

"ఎవరన్నారు మూశానని?"

"మీ అక్క ఫోను చెప్పింది. చర్చి అరుగు మీద కూర్చుని వింటదిగా. పదిమందీ విన్నారు."

"ఏమని చెప్పింది?"

బాబాయి టోపీ తీసి, చర్చిలో ప్రార్థన అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. "'నోల్ఫా బర్రియా నుంచి. సంబంధం నిరాకరించబడింది. బయటికి వెళ్ళే పోర్టు మూసి ఉంది. దయచేసి దీనికి జవాబివ్వకండి.' అంతే. అయినా ఏంటే ఆ మాటలు? సొంత అక్కకి అలా రాస్తారా ఎవరైనా?"

నాకు ముందు ఒక్క ముక్క కూడా తలకెక్కలేదు. పరీక్ష ఉత్తరంలో నేను రాసింది "ఇది లాంచీ సంఘం పరీక్ష ఉత్తరం" అని. యెసేనియాకు ఫోను చేశాను. ఆమె వెతికి చూసి చెప్పింది. మంగళవారం ఉత్తరం పోనప్పుడు "ఎందుకు పోలేదు" అని పేజీ ఒక నివేదిక రాసుకుందట. దాన్ని కూడా పరీక్ష చిరునామాకే పంపాలని ప్రయత్నించి, తలుపు మూసి ఉండటంతో దగ్గరే దాచుకుందట. బుధవారం తలుపు తెరుచుకోగానే, పరీక్ష ఉత్తరం కన్నా ముందు అది దూరి బయటికి పోయింది. సంబంధం అంటే యంత్రానికీ యంత్రానికీ ఉండే సంబంధం. జవాబివ్వకండి అనేది ఉత్తరాలన్నిటికీ అదే తగిలించే వాక్యం. పంపేవారి పేరు మాత్రం నేను రాసిందే. ఆ గడి సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

"దాన్ని వెనక్కి పిలవొచ్చామ్మా?"

"బయటికి పోయింది వెనక్కి రాదు మేడం," అంది. పాపం, ఈసారి నవ్వలేదు.

"పోన్లే. ఇంకాసేపటికి అసలు కబురు పోతుందిగా. అది వింటుంది," అన్నాను బాబాయితో.

"ఎక్కడ వింటది? ఆ చదువుడు అవగానే ఫోను కట్టేసిందంట. లేచి ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయింది."

"అయితే నువ్వెళ్ళి చెప్పు బాబాయ్. మేయరువి కదా. తెరిచే ఉందని చెప్పు."

బాబాయి టోపీ పెట్టుకున్నాడు. "సముద్రం మూసింది నేను తెరుస్తా. ఇది నీ పేరు మీద మూసింది. నువ్వే పోయి తెరుచుకో."

కోపంతో గది తాళం కూడా వేయకుండా బయల్దేరాను. దారిలో నేను తిట్టని మనిషి లేడు. పేజీ కట్టినవాణ్ణి, ఫైర్‌వాల్‌ని, పోర్టుకు పోర్టని పేరు పెట్టిన మహానుభావుణ్ణి. గుట్ట దిగాక చర్చి కనిపించింది, చర్చి వెనక అమ్మ ఇల్లు. అప్పుడు తిట్లన్నీ ఆగిపోయాయి.

అదే ఇల్లు. పసుపు రంగు చెక్క పెంకులు, వంకర పొగగొట్టం. కానీ తప్పు చోట ఉంది. గడియ దగ్గరికి నా చెయ్యి దానంతటదే పోయింది. ఆ గడియను కొంచెం పైకెత్తి తోయాలి, అలాగే తోశాను. లోపలికి అడుగు పెడితే, వంటింట్లో చిన్నప్పటి నుంచీ ఆపిల్ చెట్టు కనపడే కిటికీలో ఆపిల్ చెట్టు లేదు. నీళ్ళున్నాయి. పొద్దున సూర్యుడు రావలసిన కిటికీలోంచి సూర్యుడు దిగిపోతున్నాడు. కాళ్ళకు అన్నీ తెలుసు, కళ్ళకు ఏదీ తెలియడం లేదు.

అక్క పొయ్యి ముందు నిలబడి బంగాళాదుంప రొట్టె కాలుస్తోంది. వేలితో అంచు తాకి చూసుకుని తిప్పుతోంది. నా వైపు తిరగలేదు.

"పేరు చెప్పక్కర్లేదు," అంది. "గుమ్మంలో విరిగిన పలక మీద అడుగెయ్యకుండా దాటేది ఈ దీవిలో నువ్వొక్కదానివే."

"ఇంకా బాగుచేయించలేదా ఆ పలక?"

"ఇల్లు లాగేసరికే ఊరు అలిసిపోయింది."

ఇంత కాలానికి మా మొదటి మాటలు ఇవి. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను, అమ్మ కుర్చీ కాకుండా పక్క కుర్చీలో.

"పోర్టు మూయలేదు. లాంచీ అయిదింటికి. తొమ్మిదింటికి కాదు. అది చెప్పి పోదామని వచ్చా."

"మూశామని రాసేదీ నువ్వే, మూయలేదని చెప్పేదీ నువ్వే."

"అది నేను రాయలేదే. యంత్రం రాసింది."

"యంత్రం పేరు కూడా నోల్ఫా బర్రియానా?"

చెప్పాను. సర్వరు గడి గురించి, అమ్మ నేర్పిన మర్యాద గురించి, పోర్టు దగ్గర తావుకెన్ అని రాయడం గురించి, ఫైర్‌వాల్ ఏ ఊరివాడని బాబాయి అడగడం గురించి. చెప్తుంటే చెప్తుంటే నాకే ఏదీ నమ్మదగ్గట్టు అనిపించలేదు. అక్క భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది.

"సేవకురాలినే అని కంప్యూటరుకి చెప్పావా?"

"చెప్పానే తల్లీ, చెప్పాను."

"దద్దమ్మ."

"నీ చెల్లెల్ని."

నవ్వు ఆగిపోయింది. రొట్టె తీసి పళ్ళెంలో పెట్టింది, పళ్ళెం నా వైపు తోసింది. నేను కాస్త పక్కకు కూర్చున్నాను కాబట్టి బల్ల చివరికి పోయి ఆగింది.

"అది వినగానే నాకేం అర్థం కాలేదు," అంది. "నోల్ఫా బర్రియా నుంచి అంది ఫోను. ఎన్నాళ్ళకి రాసింది అనుకున్నా. తరవాత సంబంధం నిరాకరించబడింది అంది. ఆ మాట చెప్పడానికి ఇన్నేళ్ళు ఆగడమెందుకు, నాకు తెలీదా అనుకున్నా. మళ్ళీ పోర్టు మూసి ఉంది అంటుంది. గాలి చూస్తే దక్షిణపు గాలి. ఇదేంటి, నన్ను వెళ్ళొద్దంటోందా, వెళ్ళమంటోందా? నాలుగుసార్లు చదివించుకున్నా. పక్కనవాళ్ళు నవ్వుతున్నా చదివించుకున్నా."

"మరి ఫోనెందుకు కట్టేశావు?"

"జవాబివ్వొద్దన్నావుగా. చేతిలో ఉంటే ఇచ్చేస్తానని."

"తిట్టేదానివి."

"తిట్టేదాన్నే. తిట్టి, ఆఖర్ని ఒక మాట అడిగేదాన్ని."

"ఏమని?"

పొయ్యి తలుపు తెరిచింది, లోపల కట్టె ఉందని తెలిసి కూడా ఇంకో కట్టె కోసం తడిమింది. నేను అందించబోయి ఆగాను.

"ఆసుపత్రి వాళ్ళు తోడు లేకుండా రావద్దన్నారే. కట్టు కట్టి పంపిస్తారంట. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చే మనిషుండాలంట. ఎవరూ లేకపోతే ఆపరేషన్ చెయ్యరంట. నాకెవరున్నారు? ఇల్లుంది. ఇల్లు లాంచీ ఎక్కుతుందా? పోర్టు మూశారని వినగానే ఒక పక్క హమ్మయ్య అనిపించింది కూడా. సముద్రం వల్ల వెళ్ళలేదని చెప్పుకోవచ్చుగా."

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. రెండు రోజులు ఆ తెర ముందు కూర్చుని, అయిదింటికి అనే ఒక్క మాట ఈవిడ చెవిన వేయడానికి నానా అగచాట్లూ పడ్డాను. ఆ మాట చక్కగా అందినా ఈవిడ వచ్చేది కాదు. ఈవిడకు కావలసింది వేళ కాదు, మనిషి.

"అడగొచ్చుగా?" అన్నాను.

"ఎలా అడుగుతానే? మాటల్లేవుగా."

"ఇల్లెత్తుకుపోయినప్పుడు మాటలున్నాయి. అప్పుడూ అడగలేదు."

"అడిగితే వద్దనేదానివి."

"అనేదాన్ని."

"అందుకే అడగలేదు."

రెండో రొట్టె మాడుతోంది. ఇద్దరికీ వాసన తెలుస్తోంది, ఇద్దరం కదల్లేదు. చివరికి నేనే లేచి తీశాను. చేతిగుడ్డ ఎక్కడుందో వెతకక్కర్లేకపోయింది.

"ఏ బట్టలు పెట్టావు రేపటికి?" అని అడిగాను.

"ఏమీ పెట్టలేదు."

"మరి కూర్చున్నావేం? లే."

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను, నా పాత మంచం మీద. తెల్లవారకముందే జెట్టీకి వచ్చాం. సముద్రపు మేయరు లాంతరు పట్టుకుని నిలబడి, మమ్మల్నిద్దర్నీ చూసి దాన్ని పైకెత్తి దారి చూపించాడు. లాంచీలో అక్క నా పక్కన కూర్చుంది గాని నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అలవాటు తప్పినట్టుంది ఇద్దరికీ. ఇల్లు వెనక్కిస్తుందా అంటే నాకు తెలియదు. వెనక్కిస్తే దాన్ని నేనేం చేసుకోవాలో కూడా ఇప్పుడు తెలియడం లేదు.

ఆసుపత్రిలో ఒక నర్సు బల్ల వెనక కూర్చుని అడిగింది. "తోడు ఎవరొచ్చారమ్మా? మీకేమవుతారు?"

నేను చెప్పబోతే మోచేత్తో పొడిచింది.

"చెల్లెలు," అంది. "మా ఇద్దరికీ మాటల్లేవు. చెల్లెలని రాసుకోండి."

నర్సు పెన్ను ఆపి, అర్థం కాక, నా వైపు చూసింది. నేను తలూపాను. లోపలికి తీసుకెళ్ళే వేళకు అక్క నా చెయ్యి వదల్లేదు. నర్సు ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది.